గీత తొక్కిన రాకెట్

స్టేడియం ట్రాక్ మీద తెల్ల గీతలు వేసే కుర్రాణ్ణి అందరూ 'సున్నం' అనే పిలుస్తారు. నెత్తి నుంచి కాళ్ల దాకా సున్నమే మరి! అందరూ 'రాకెట్' అని పిలిచే పరుగుల పిల్లతో అతని పరిచయం పోట్లాటతోనే మొదలైంది. తడి ఆరని గీతల మీదుగా ఆమె దూసుకుపోయింది. అతను చెడామడా తిట్టాడు. ఆమె అంతకు రెట్టింపు తిట్టింది. తిట్లు కాస్తా టీ దాకా, టీ కాస్తా ప్రేమ దాకా వచ్చాయి.

ఆ సాయంత్రం మాత్రం రాకెట్ ముఖంలో కళ లేదు.

"నన్ను ఆడవాళ్ల రేసులోంచి తీసేశారు. టెస్టులో నా క్రోమోజోములు మగవాళ్లకుండే రకమని తేలిందట. మగవాళ్ల కోచ్‌ని అడిగితే, 'నువ్వు ఆడపిల్లవి కదమ్మా, ఇక్కడెలా?' అన్నాడు!"

సున్నానికి నవ్వొచ్చింది. ఆమె కళ్లు చూసి మింగేశాడు.

"పుట్టుకతోనే నా ఒంటి తీరు ఇంతట. నేను ఆడపిల్లనే, అందులో నాకేం అనుమానం లేదు. కానీ నాకు పిల్లలు పుట్టరు. మీ అమ్మకీ చెప్పు. దాచి పెళ్లి చేసుకోలేను."

ఈ పిల్ల తనను వదిలి వెళ్లిపోతుందేమోనన్న భయంతో అతను చేతిలోని సున్నం డబ్బానే చూస్తూ కూర్చున్నాడు. ఆమె అతని జవాబు కోసం చూసి, లేచి విసవిసా నడిచింది.

"అయ్యో, గీత తొక్కకు!" అని అరిచాడు సున్నం. అలవాటైన నోరు!

"నా బతుకంతా చెప్పుకుంటే నీకు గీత గోలా?" అంటూ ఉన్న గీతలన్నీ తొక్కుకుంటూ వెళ్లిపోయింది.

సున్నం ఇంటికెళ్లి అంతా చెబితే, తల్లి చేతిలో చాట పక్కన పెట్టేసింది.

"నానమ్మనవుతానని ఆశపడ్డాను. బాధగానే ఉంది. నా బాధ నేను చూసుకుంటాలే. అయినా నిన్ను కని నేనేం బావుకున్నాను? ఆ పిల్ల అంత మాట చెప్తే గీత తొక్కకంటావా, దద్దమ్మా! లే, చెప్పులేసుకో."

తల్లీకొడుకులు వెళ్లి తలుపు తడితే, రాకెట్ ఎర్రబడ్డ కళ్లతో తీసింది.

"ఆంటీ, నేను రేసు వదలను. అప్పీలు చేస్తున్నాను. నలుగురూ నలభై మాటలంటారు. అవన్నీ మీ చెవిన పడతాయి."

"నాకో చెవి సరిగా వినబడదు. వాళ్లకి అది తిప్పుతాను," అంది ఆవిడ.

సున్నానికి అప్పటికి నోరు పెగిలింది. "నువ్వు లేకపోతే నేనేమైపోతానోనని అప్పుడు మాట రాలేదు, అంతే. నన్ను పెళ్లి చేసుకుంటావా?"

"అప్పీలు గెలిచాక అడుగు."

"ఓడిపోతే?"

రాకెట్ కళ్లు తుడుచుకుంది. "అప్పుడు నువ్వు అడగక్కర్లేదు. నేనే అడుగుతాను."

"ఎవరడిగితే ఏంటి? అందాకా నన్ను గుమ్మంలోనే నిలబెడతారా?" అని కసిరి, కాబోయే అత్తగారు తనే లోపలికి నడిచింది.