వసపిట్ట నోరు మెదపని పీరియడ్

“రాయి?”

“మునుగుతుంది!”

“కొవ్వొత్తి?”

“తేలుతుంది!”

“తాళంచెవి?”

“తేలు... కాదు కాదు, మునుగుతుంది!”

“సరిగ్గా గుర్తుపెట్టుకోండి! లోపలికెళ్ళాక ఇలా తడబడ్డారంటే కొంప మునుగుతుంది,” అంది వసపిట్ట, నడుం మీద చేతులు పెట్టుకుని.

అది ఇంటర్వెల్. మంచినీళ్ళ కుళాయిల వెనక మూడో తరగతి మొత్తం గుమిగూడి ఉంది. ఆటల్లేవు, పరుగుల్లేవు. అందరూ పరీక్షకి చదివినట్టు గొణుక్కుంటున్నారు.

వసపిట్ట అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ దాన్ని ఎవరూ వాడరు. ఆ పిల్ల నోరు తెరిస్తే ఆగదు. టీచర్ ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేసి, తర్వాతి ప్రశ్న కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. ఇంట్లో నాన్న ముద్దుగా పెట్టిన పేరు బడిదాకా వచ్చేసింది.

ఈ రోజు మాత్రం ఆ నోరు ఒక మంచి పని మీద ఉంది. అలా అని వసపిట్ట గట్టి నమ్మకం.

విషయం ఏమిటంటే, ఆ క్లాసుకి ఇద్దరు టీచర్లు. ఎప్పుడూ ఉండే ఆవిడ పెద్ద టీచర్. కొత్తగా వచ్చిన అమ్మాయి చిన్న టీచర్. ఆవిడ ఇంకా కాలేజీలో పాఠాలు చెప్పడం నేర్చుకుంటోంది. నేర్చుకున్నది నిజమైన పిల్లలకి చెప్పి చూడడానికి ఈ బడికి వచ్చింది.

పిల్లలకి చిన్న టీచర్ అంటే ప్రాణం. ఆవిడ బోర్డు మీద రాస్తే అక్షరాలు మెట్లెక్కుతున్నట్టు పైకి పోతాయి. డస్టర్ చేతిలోనే పెట్టుకుని గదంతా డస్టర్ కోసం వెతుకుతుంది. ఎవరైనా మోకాలు గీరుకుపోయి ఏడిస్తే, కట్టు కడుతూ తనూ కళ్ళు తుడుచుకుంటుంది.

నిన్న సాయంత్రం నాన్న రావడం ఆలస్యమైంది. నాన్న బస్సు డ్రైవర్. ఆయన డ్యూటీ దిగి వచ్చేదాకా వసపిట్ట క్లాసు గుమ్మం దగ్గర కూర్చుంది. లోపల చిన్న టీచర్ టబ్బులో నీళ్ళు పోసుకుని, ఒక్కో వస్తువూ అందులో వేసి చూసుకుంటోంది. మర్నాటి పాఠానికి తయారవుతోందన్నమాట. పెద్ద టీచర్ పక్కనే నిలబడి ఉంది.

“రేపు మా కాలేజీ సార్ వస్తున్నారు మేడమ్,” అంది చిన్న టీచర్. “పాఠం సరిగ్గా లేదంటే నన్ను ఈ బడి నుంచి వెనక్కి పిలిపించేస్తారు. మళ్ళీ వచ్చే ఏడాదే. మొన్న లెక్కల క్లాసులో నేనడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. రేపు కూడా అలాగే కూర్చుంటే?”

“విప్పుతార్లే అమ్మాయ్. కంగారు పడకు,” అంది పెద్ద టీచర్.

గుమ్మం దగ్గర వసపిట్ట ఆ మాటలన్నీ వింది. చిన్న టీచర్ వెళ్ళిపోవడమా! మరి మోకాళ్ళకి కట్లు ఎవరు కడతారు? ఎవరి డస్టర్ వెతికిపెట్టాలి?

ఏది తేలిందో, ఏది మునిగిందో వసపిట్ట అప్పటికే మొత్తం చూసేసింది. ఇంకేం కావాలి? రేపు అందరి నోళ్ళూ తనే విప్పిస్తుంది. అందుకే ఈ ఇంటర్వెల్లో ఆటలు బంద్.

“మరి... మనం... నీళ్ళలో వేసి చూడొద్దా?” అని వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

అది బామ్మ. ఎనిమిదేళ్ళ బామ్మ. మాట మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుని, ఆలోచించుకుని మాట్లాడుతుంది కాబట్టి అందరూ అలా పిలుస్తారు.

“నువ్వడిగి ముగించేలోపు బడి వదిలేస్తారు బామ్మా. చూడక్కర్లేదు. కంఠస్థం చెయ్యి,” అంది వసపిట్ట.

బెల్లు కొట్టారు.

కాలేజీ సార్ చాలా పొడవు. పిల్లల కుర్చీయే దొరికింది, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా వెనక కూర్చున్నారు. చిన్న టీచర్ టబ్బు బల్ల మీద పెట్టింది. పక్కన ఒక గుడ్డసంచి.

“పిల్లలూ, ఈ సంచిలో కొన్ని వస్తువులున్నాయి. ఒక్కొక్కటీ తీస్తాను. అది నీళ్ళలో...”

ఆవిడ చెయ్యి ఇంకా సంచిలోనే ఉంది.

“రాయి మునుగుతుంది!” అని క్లాసంతా అరిచింది.

చిన్న టీచర్ ఉలిక్కిపడింది. చేతిలో నిజంగా రాయే ఉంది. దాన్ని నీళ్ళలో వేయకముందే రెండో కేక వినిపించింది.

“కొవ్వొత్తి తేలుతుంది!”

“ఆగండి నాన్నా, ముందు ఆలోచించి...”

“తాళంచెవి మునుగుతుంది! పెన్సిల్ తేలుతుంది! రబ్బరు మునుగుతుంది!”

పీరియడ్ అంతా నడవాల్సిన పాఠం, పెన్ను మూత తీసినంత సేపట్లో అయిపోయింది. వసపిట్ట మహా సంతోషంగా చుట్టూ చూసింది. ఒక్కరు కూడా తడబడలేదు!

“మంచిది,” అంది చిన్న టీచర్, గొంతు సవరించుకుని. “కొవ్వొత్తి ఎందుకు తేలుతుంది?”

వసపిట్ట ‘ఎందుకు’లు నేర్పలేదు. అవి తనకీ తెలియవు.

“ఏమ్మా,” అన్నారు కాలేజీ సార్, వెనక నుంచి. “ముందే అన్నీ చెప్పి తయారుచేసి పెట్టావా? పాఠం చూద్దామని వస్తే పద్యం అప్పజెప్పిస్తున్నావే.”

“లేదు సార్... నేను చెప్పలేదు... నాకూ తెలీదు,” అంది చిన్న టీచర్.

సార్ పెన్ను జేబులో పెట్టేసుకున్నారు.

వసపిట్టకి అప్పుడు అర్థమైంది. టీచర్‌ని ఉంచేద్దామనుకుంటే, తనే చేతులారా పంపించేస్తోంది. ఏడుపు తన్నుకొచ్చింది. అయినా లేచి నిలబడింది.

“సార్, నేను నేర్పాను. ఇంటర్వెల్లో. నిన్న టీచర్ చేస్తుంటే చూశాను. టీచర్‌కి ఏమీ తెలీదు సార్, ఒట్టు!”

“ఎందుకు నేర్పావు?”

“టీచర్ వెళ్ళిపోకూడదని.”

సార్ తల ఊపారు.

“నిజం చెప్పావు, సంతోషం,” అన్నారు ఆ పిల్లతో. “కానీ నేను చూడాల్సిన పాఠం ఇంకా చూడలేదు కదా! చివరి పీరియడ్‌కి మళ్ళీ వస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే నేనేం చెయ్యలేనమ్మా,” అన్నారు చిన్న టీచర్‌తో.

మధ్యాహ్నం భోజనాల వేళ చిన్న టీచర్ క్లాసులో ఒక్కతే కూర్చుంది. టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు. వసపిట్ట గుమ్మంలో నిలబడి తలుపు గోకింది.

“టీచర్, నా మీద కోపమా?”

“కొంచెం,” అంది చిన్న టీచర్ నిజాయితీగా.

“పోనీ చివరి పీరియడ్‌కి నేను లీవు పెట్టెయ్యనా?”

చిన్న టీచర్‌కి అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది. “అన్నం తిన్నావా?” అంది.

“ఎప్పుడో తినేశా.”

“మరి బామ్మ?”

“ఇంకా తింటూనే ఉంది. మెతుకు మెతుకూ లెక్కపెట్టుకుంటుంది టీచర్, ఎప్పుడూ అంతే!”

“లేటవుతోందని తన డబ్బా కూడా నువ్వే ఖాళీ చేసేస్తే?”

“అయ్యో, మరి తనకి ఆకలి...” అని వసపిట్ట ఆగిపోయింది.

చిన్న టీచర్ డబ్బా మూత తీసింది. అన్నం పక్కన ఒక కమలాపండు ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఉన్నట్టుండి ఆవిడ కళ్ళు మెరిశాయి.

“నువ్వెళ్ళు. ఇక్కడేం చూడకు! వెళ్ళు వెళ్ళు!”

చివరి పీరియడ్‌లో కాలేజీ సార్ మళ్ళీ అదే చిన్న కుర్చీలో ఒదిగి కూర్చున్నారు. చిన్న టీచర్ టబ్బు కిందికి దించి, అందరినీ చుట్టూ కూర్చోమంది. కమలాపండు పైకెత్తి చూపించింది.

“ఇది?”

ఎవరికీ తెలియదు. కొందరు తేలుతుందన్నారు, కొందరు మునుగుతుందన్నారు. నీళ్ళలో వేస్తే బుడుంగున లోపలికెళ్ళి, పైకొచ్చి తేలింది. సగం మంది చప్పట్లు కొట్టారు.

చిన్న టీచర్ పండు తీసి తొక్క ఒలిచింది. “మరి ఇప్పుడు?”

“ఇంకా బాగా తేలుతుంది టీచర్! బరువు తగ్గింది కదా!” అన్నారు అందరూ.

తొక్క తీసిన పండు నేరుగా వెళ్ళి అడుగున కూర్చుంది.

“ఆఁ!” అని పిల్లలందరూ టబ్బు మీదికి వంగారు. తలలు ఢీకొన్నాయి.

“ఎందుకలా?” అంది చిన్న టీచర్.

ఒలిచిన తొక్కలు కూడా టబ్బులో వేసింది. ఆ ముక్కలు మాత్రం నీళ్ళ మీద తేలుతున్నాయి. వాటిని చూడగానే వసపిట్టకి టక్కున తట్టింది. తొక్కలో గాలి ఉంది! మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. అందరూ అలవాటుగా తనవైపే తిరిగారు. సార్ పెన్ను పట్టుకుని చూస్తున్నారు. చిన్న టీచర్ చున్నీ కొస వేలికి చుట్టుకుంటోంది.

చెప్పేస్తే అయిపోతుంది. చెప్పకపోతే, ఎవరూ చెప్పకపోతే, టీచర్ వెళ్ళిపోతుంది. వసపిట్ట పెదవులు గట్టిగా బిగించింది. బుగ్గలు ఉబ్బిపోయాయి.

అప్పుడు కనిపించింది. బామ్మ ఒక తొక్క ముక్కని నీళ్ళలో ముంచి, నెమ్మదిగా నొక్కుతోంది. సన్నటి బుడగలు పైకొస్తున్నాయి. బామ్మ మళ్ళీ నొక్కింది. మళ్ళీ బుడగలు.

“తొక్కలో...” అంది బామ్మ. ఆగింది.

‘గాలి, గాలి, గాలి’ అని వసపిట్ట లోపల గంతులేసింది.

బామ్మ తలెత్తి వసపిట్టవైపు చూసింది. ఎప్పుడూ మిగతా సగం ఆ పిల్లే చెప్పేస్తుంది మరి!

“నువ్వే చెప్పు. నేను ఆగుతా,” అంది వసపిట్ట.

బామ్మ ఊపిరి పీల్చుకుంది. “తొక్కలో... గాలి ఉంది టీచర్. ఈత నేర్చుకునేటప్పుడు... మా అన్నయ్య నాకు... నడుంకి ట్యూబు వేశాడు. అప్పుడు తేలాను. ట్యూబు తీసేస్తే... బుడుంగుమన్నాను. పండుకి కూడా... తొక్క అంటే... ట్యూబు.”

ఆ తర్వాత పిల్లలు ఆగితే ఒట్టు!

“మా ఫుట్‌బాల్ కూడా అందుకే మునగదు టీచర్!”

“రాయికి ఈ తొక్క చుట్టి వేద్దామా టీచర్?”

“అరటిపండు తొక్కలో కూడా గాలి ఉంటుందా?”

“చూద్దాం! అన్నీ చూద్దాం!” అంది చిన్న టీచర్. ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ముఖం నిండా నవ్వు. సార్ కుర్చీలోంచి లేవబోతే కుర్చీ కూడా ఆయనతోపాటు లేచింది. వెనక నిలబడి చూస్తున్న పెద్ద టీచర్ వచ్చి దాన్ని లాగింది. ఆయన వచ్చి టబ్బు దగ్గర గొంతుక్కూర్చుని, తనూ ఒక తొక్క ముక్క నొక్కి చూశారు. చొక్కా చెయ్యి తడిసింది.

బెల్లు కొట్టినా ఎవరూ కదల్లేదు.

“సోమవారం నుంచి లెక్కలు కూడా నువ్వే చెప్పమ్మా,” అన్నారు సార్, చెయ్యి తుడుచుకుంటూ. పిల్లలు ఎగిరి గంతేశారు. చిన్న టీచర్ పెద్ద టీచర్ భుజం పట్టుకుని నిలబడిపోయింది.

గుమ్మం దగ్గర సార్ వసపిట్ట ముందు ఆగారు.

“నీకు జవాబు ముందే తెలుసు కదూ?”

వసపిట్ట వెంటనే చెప్పలేదు. బామ్మవైపు చూసి, ఆలోచించుకుంది.

“గాలి సంగతి తెలుసు సార్,” అంది. “ట్యూబు సంగతి తెలీదు.”