మార్టెల్ చొక్కాలు

వికారాబాద్ స్టేషన్ వెయిటింగ్ రూములో చీఫ్ అనంతయ్య ఒక ఫోటో బల్ల మీద పడేశాడు.

"మార్టెల్. తాండూరులో నాపరాయి ఎక్స్‌పోర్టర్. అది వేషం. అసలు పని విదేశీ ముఠాకు. ధారూర్ లైనులో ఏదో కల్వర్టు కింద బాంబు పెట్టించాడు. ఆదివారం ప్యాసింజర్ అటు రాగానే ఇంట్లోంచి రేడియో సిగ్నల్ ఇస్తాడు."

"ఇప్పుడే పట్టుకుంటే?" అన్నాడు ఏజెంట్ జనార్దన్.

"బాంబు ఎక్కడుందో తేలలేదు. ఈలోగా వాణ్ని కదిలిస్తే సెట్టు ఆన్ చేస్తాడు. లోపల మన జుబేదా ఉంది, వాడి సెక్రటరీగా. వాడు ఆమెను తన ఏజెంటే అనుకుంటున్నాడు."

జనార్దన్ మొహం మాడిపోయింది. ట్రైనింగు రోజుల నుంచీ జుబేదా ఎవరితో నవ్వినా ఇతగాడికి కడుపుమంటే. ఇంత తెలివైన గూఢచారికి ఇంత పాడు బుద్ధి ఎందుకో!

చీఫ్ సూట్‌కేస్ తెరిచాడు. "మన ల్యాబ్ తాజా సరుకు. కరెంటు మీటరులో తిరిగే చక్రం అంచున ఒక గుర్తుంటుంది. అద్దం మీద ఈ ఫోటోసెల్ అంటించు. గుర్తు వచ్చినప్పుడల్లా నీ గదిలో ఈ పెట్టె టిక్కుమంటుంది. చక్రం జోరందుకుంటే బెల్ మోగుతుంది. ఆ జోరు నిమిషం దాటినా ఆగకపోతే ఈ రిలే స్విచ్చు దానంతటదే ఇంటి మెయిన్ కట్ చేస్తుంది. వాడిది పాత వాల్వుల సెట్టు. వేడెక్కడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది."

"ఎమర్జెన్సీ కోడ్?"

"పాతదే. మూడుసార్లు, ఆగి మళ్ళీ మూడుసార్లు. లైటైనా, చప్పుడైనా, ఏదైనా సరే. ప్రమాదం ముందుకొచ్చిందని అర్థం."

మర్నాడు తాండూరులో ఖాకీ చొక్కా, పెట్టుడు మీసంతో జనార్దన్ మార్టెల్ గుమ్మం ఎక్కాడు. జుబేదా తలుపు తీసింది. పట్టుచీర, గాగుల్స్, పెదవులకు రంగు.

"మీటర్ జర తేజ్ తిరుగుతున్నదట, మేడం."

"తిరిగితే తిరగనియ్యి. ఆపెటోళ్ళు ఎవరున్నరు?"

కోడ్ కలిసింది. అంతలో మార్టెల్ వెనకనుంచి వచ్చి ఆమె భుజం మీద చెయ్యేశాడు. ఆమె నవ్వింది. జనార్దన్ చేతిలో స్క్రూడ్రైవర్ జారి సొంత కాలి మీదే పడింది.

అయినా పని చక్కగానే చేశాడు. ఫోటోసెల్‌నూ చిన్న బల్బునూ నల్లటేపుతో మీటరు అద్దానికి అంటించి, ఫ్యూజు పక్కన రిలే బిగించి, టెలిఫోన్ వైరు వెంట ఇంకో వైరు లాగి ఎదురింటి మేడగదిలోకి తెచ్చాడు. జుబేదా టార్చి పట్టుకుని అంతా చూసింది.

ఇక టిక్కులు వింటూ కూర్చున్నాడు. ఫ్యానుకు నెమ్మదిగా, ఫ్రిజ్‌కు కాస్త గబగబా. మర్నాడు పొద్దున్నే బెల్ మోగింది. క్షణాల్లో ఆగింది. మళ్ళీ మోగింది. అలా మూడుసార్లు. కాసేపు ఆగి ఇంకో మూడుసార్లు.

ఆ లోడ్ దేనిదో జనార్దన్‌కు తెలుసు. ఇస్త్రీపెట్టె!

మూడు చొక్కాలు. చాయ్ తాగి ఇంకో మూడు చొక్కాలు! ట్రైనింగులో నా ఒక్క చొక్కా ఇస్త్రీ చేయమంటే వీపు మీద పెట్టంత కన్నం పెట్టింది. వీడికోసం నేర్చుకుందన్నమాట! పూటకు ఆరు చొక్కాలు ఏం చేసుకుంటాడు, పెళ్ళికొడుకా?

ఒరే నాయనా, చీఫ్ ఏం చెప్పాడురా? ఊహూఁ, వాడి చెవికెక్కలేదు. రెండో రోజూ అదే బెల్. వినలేక బెల్ వైరు పీకి పారేశాడు. రిలే కూడా ఆ వైరు మీదే ఉంది. ఆదివారానికి మళ్ళీ తగిలిద్దాంలే అనుకున్నాడు.

గురువారం సాయంత్రం తన నలిగిన చొక్కా పట్టుకుని కిందికి దిగాడు. మేడ కింద చెన్నయ్య ఇస్త్రీ బండి. బొగ్గుల పెట్టె కింద పూలపూల సిల్కు చొక్కా.

"గిది ఎవరిది, చెన్నయ్యా?"

"గా ఎదురింటి దొరది. ఆయన బట్టలన్నీ నా కాడికే వస్తయ్ సారూ. ఇంట్ల ఇస్త్రీ చేస్తే కాలుస్తరని భయమట."

జనార్దన్ తన చొక్కా బండి మీద పడేశాడు. దొర చొక్కాలన్నీ ఇక్కడుంటే, పొద్దున్నే అక్కడ ఆ పెట్టె ఎందుకు వేడెక్కుతోంది? మూడు. ఆగి మళ్ళీ మూడు!

మెట్లు ఎగబాకాడు. పెట్టె టిక్కు టిక్కుమంటూ ఒకటే పరుగు, మధ్యలో విరామం లేదు. ఇది ఇస్త్రీ కాదు, ట్రాన్స్‌మిటర్! ఆదివారం కాదు, ఇవాళే! స్టేషన్ నుంచి ప్యాసింజర్ కూత వినబడింది. బండి ధారూర్ వైపు కదిలింది. బండి నిండా జనం.

బెల్ వైరు మళ్ళీ తగిలించి, రిలే కోసం నిమిషం ఆగే వ్యవధి ఎక్కడిది? పీకిన వైరు కొసను నేరుగా రిలే వైరుకు చుట్టేశాడు. చేయి ఝల్లుమంది. ఎదురింట్లో లైట్లు ఠపీమని ఆరిపోయాయి. టిక్కులు ఆగాయి.

మార్టెల్ ఎన్ని దేశాలు తిరిగినవాడైనా, రెండేళ్ళుగా తాండూరులో కాపురం. కరెంటు పోగానే ఊరంతా చేసే పనే అతనూ చేశాడు. తమకే పోయిందా, అందరికీ పోయిందా అని గేటు దాకా వచ్చి పక్కింటి కిటికీలోకి తొంగిచూశాడు. పక్కింట్లో లైటు వెలుగుతోంది. ముందర జనార్దన్ రివాల్వర్ ఉంది.

దూరంగా బండి చప్పుడు సన్నగిల్లింది. ఏమీ పేలలేదు.

మార్టెల్‌ను జీపు ఎక్కించాక జుబేదా మెట్ల మీద కూలబడింది. ఆమె వేళ్ళ మీద కాలిన బొబ్బలు.

"దినం మార్చిండని పొద్దున పొద్దున పిలిచిన. ఇస్త్రీపెట్టె వేస్తుంటే ఎవడన్న చూస్తే నా పని ఖతం. నువ్వు గక్కడ కూసోని ఏం చేస్తున్నవ్?"

అబద్ధం చెబుదామనుకున్నాడు. నిజమే బయటికొచ్చింది.

"చొక్కాలు లెక్కబెట్టిన."

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక కళ్ళు ఎర్రబడ్డాయి.

"నాకు ఇస్త్రీ రాదు, జనార్దన్. నీ చొక్కా కాలబెట్టింది యాదికి లేదా?"

"ఉన్నది," అన్నాడు తలొంచుకుని.

కన్నం పడ్డ ఆ చొక్కా ఇప్పటికీ అతని ట్రంకుపెట్టె అడుగున మడతపెట్టి ఉంది. చీఫ్‌కు పంపిన రిపోర్టులో మాత్రం బెల్ మోగకపోవడానికి కారణం లైన్ ఫాల్ట్ అని రాశాడు.