పిప్పి

పదకొండయ్యేసరికి హైమవతి ఏడు పుస్తకాలు పిండేసింది. ఒక్కోదానికీ ఒక్క వాక్యం సారం రాసి ముద్ర నొక్కితే చాలు, అది ఊళ్ళో అందరి అరచేతి పలకల మీదా వెలుగుతుంది. ఇక ఆ పుస్తకాన్ని ఎవరూ చదవక్కర్లేదు. సారం తీసేసిన పుస్తకాన్ని ఊరంతా పిప్పి అంటుంది. పిప్పి కదిలే పట్టీ మీద సాగిపోయి కొలిమిలో పడుతుంది.

ఎనిమిదోది అట్ట చిరిగిన బొమ్మల పుస్తకం. పొట్టి పోలీసొకడు గేదెనెక్కి దొంగను తరుముతున్నాడు. గేదె మాత్రం తిన్నగా చెరువుకేసి పరిగెడుతోంది. పేజీ తిప్పితే, ధభేల్! నీళ్ళలో పోలీసు, పక్కన హాయిగా కళ్ళు మూసుకున్న గేదె. ఆ మొహం చూసి హైమవతి పగలబడి నవ్వింది.

పుస్తకాలు పిండే ఆ సారశాలలో అంతవరకూ ఎవరూ నవ్వింది లేదు. పర్యవేక్షకుడు త్రినాథరావు పరుగున వచ్చాడు.

"ఏమ్మా, ఒంట్లో బాగానే ఉందా?"

"ఈ గేదెని చూడండి సార్!"

ఆయన చూడలేదు. "దొంగతనం తప్పు అని రాసెయ్యండి. సరిపోతుంది."

"దొంగ దొరకలేదండీ."

"పోనీ, జంతువుల మీద దయ. ఏదో ఒకటి రాయండమ్మా, ముద్ర పోగొట్టుకోకండి."

ముద్ర పోతే ఇక జన్మలో పుస్తకం ముట్టుకోనివ్వరు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఒళ్ళు మండిపోయింది. ఉత్త పుణ్యానికి ఇంత సంతోషమిచ్చిన పుస్తకానికి లేని నీతి అంటగట్టి, ఆనక కాల్చెయ్యాలా? చచ్చినా చెయ్యదు.

"దీన్ని పిండలేం. గేదె మొహం చూసి తీరాలి. గేటు దగ్గరికి రండి, చూపిస్తాను" అని రాసి ముద్ర నొక్కింది.

త్రినాథరావు అరచేతిలో పలక వెలిగింది. చదివి, నుదురు కొట్టుకున్నాడు. వెళ్ళిన సారాన్ని వెనక్కి లాగే మీట ఎవరూ పెట్టలేదు. ఇన్నేళ్ళలో దాని అవసరం రాలేదు మరి.

పుస్తకం కోసం పట్టీ ఆగి ఉంది. హైమవతి దాన్ని చంకలో పెట్టుకుని మెట్లు దిగింది.

గేటు బయట అప్పటికే వందమంది ఉన్నారు. ఆమె పుస్తకం విప్పి ఎత్తి పట్టుకుంది. ముందు వరసలో పళ్ళమ్మే ఆవిడ నవ్వు ఆపుకోలేక గంప దించేసింది. వెనకవాళ్ళు తోసుకొస్తున్నారు.

"వెళ్ళండి! సరైన సారం సాయంత్రం పంపిస్తాం!" అని అరిచాడు త్రినాథరావు.

పళ్ళావిడ కళ్ళు తుడుచుకుంది.

"నీ సారం నువ్వే ఉంచుకో బాబూ. మాకు పిప్పి కావాలి."