ఆఖరి శనివారం తని

భువనగిరి గుట్ట కింద సంగీత పాఠశాలకు ఒక కచేరీ హాలుండేది. ఒకప్పుడది వడ్ల గోదాము. నేతవాళ్లు తలా ఇంత వేసుకుని అందులో వేదిక కట్టించారు. ఊరంతా చాపలేసుకుని కూర్చున్న ఆ హాలు వైపు శనివారం పొద్దుగూకాక పోవద్దనే రోజు వచ్చింది. ఓడలు బళ్లవుతాయని ఊరికే అనలేదు.

ఎనభై ఆరులో ఒక శనివారం లక్ష్మీనర్సయ్య సారు పాడుతున్నారు. మృదంగం మీద పరమేశం. తని ఆవర్తనం వచ్చింది—పాట ఆపి, మృదంగం ఒక్కటే మోగే వంతు. అతను ముక్తాయింపు వాయించి ముగించేదాకా పాడేవాళ్లు తాళం వదలకూడదు. సారు కళ్లు మూసుకుని తాళం వేస్తూనే ఉన్నారు... పరమేశం మృదంగం మీదే వాలిపోయాడు. మళ్లీ లేవలేదు.

సారు పాట మానేసి మోత్కూరులో కూతురింటికి చేరారు. హాలు మూతపడింది.

ఆ తర్వాతే లోపల చప్పుడు మొదలైంది. ఒక దెబ్బ... కాసేపు ఏమీ లేదు... ఆగి ఆగి రెండు దెబ్బలు.

"పరమేశం యాడికి పోలే. ఆడనే ఉన్నడు," అని గుసగుసలు.

జనానికి భయమైతే, అతని భార్య ఉప్పలమ్మకు ఆశ పుట్టింది. దెయ్యమైతే ఏంటి, తన మొగుడే కదా! శనివారం శనివారం గోడ బయట నిలబడి వినేది. లోపలికి పోతే మాయమైపోతాడేమోనని బెదురు. తీరా హాలు కూలగొడుతున్నారని తెలిసింది. ఇక ఇదే ఆఖరి శనివారం.

వెనక తలుపు నెట్టింది... తెరుచుకుంది. వేదిక మీద ఎవరో కూర్చుని ఉన్నారు.

"ఏందయ్యా... నువ్వేనా?"

దెబ్బ ఆగలేదు. ఆమె చేతిలోని కందిలి దీపం పైకెత్తింది.

లక్ష్మీనర్సయ్య సారు!

"పరమేశం తని అయిపోలే గద బిడ్డా," అన్నారాయన, తొడ మీద తాళం వేస్తూనే. "వారం వారం బస్సెక్కి వస్తున్న. నడుమల నేనెట్ల ఆపుత?"

ఉప్పలమ్మ కూలబడి ఏడ్చింది. దెయ్యమై కూడా మొగుడు తనకు దక్కలేదు.

ఏడ్చి ఏడ్చి సారు చేతిని చూసింది. తొడ కమిలిపోయి ఉంటుంది, పాపం. మగ్గం మీద కూర్చుని పరమేశం సాధన ఎన్నేళ్లు విన్నదో! కళ్లు తుడుచుకుని, ఆ ముక్తాయింపును నోటితోనే అందుకుంది.

"తదిగిణతోం... తదిగిణతోం... తదిగిణతోం."

సారు చెయ్యి ఆగింది.

"అయిపోయింది సారూ. ఇగ ఇంటికి పోండ్రి."

ఊరికి దెయ్యం వదిలింది. మరుసటి శనివారం పొద్దుగూకాక ఉప్పలమ్మ అలవాటుగా అక్కడికి వెళ్లింది. ఆనుకుని వినడానికి గోడ కూడా లేదు.