గాలికి వీపు పెట్టిన పిట్ట

గంగాధరం శవం బోగోలు తీరానికి కొట్టుకొచ్చిన పదో రోజున ఏజెంట్ విజయభాస్కర్ మద్రాసు నుంచి దిగాడు. గంగాధరం అతని పార్ట్‌నర్. వెన్నులో బుల్లెట్ దిగి పోయాడు. పోతూ పడవలో దాచిన కెమెరాను గంగాధరం అక్క చెంచమ్మ డిపార్ట్‌మెంటుకు పంపింది. అందులో ఉన్నది ఒకే ఒక్క ఫోటో.

ఫోటో అంటే ఫోటో కాదు, ఖర్మ! డాబా మీద గడ, గడ మీద మసగ్గా ఏదో పిట్ట. మద్రాసులో ఒక ఎక్స్‌పర్టు డేగ అన్నాడు. ఇంకొకాయన కొంగ అన్నాడు. మూడో మహానుభావుడు ఫోటోను తలకిందులుగా పట్టుకొని పది నిమిషాలు ఆలోచించాడు.

విజయభాస్కర్ భూతద్దం పెట్టి, ముక్కు మీద ఇంకో ముక్కులాంటి దిమ్మను పట్టుకున్నాడు. హార్న్‌బిల్! వానలు వదలని మహారణ్యాల్లో బతికే పక్షి.

"దారి తప్పి వచ్చిందేమో?" అన్నాడు చెంచమ్మకు చూపిస్తూ.

"ఈ డాబా పిట్టల డాక్టరుది" అంది చెంచమ్మ. "ఇది వచ్చింది కాదన్నా, తెచ్చి పెట్టింది. తాటాకులు ఎటు ఒంగినాయో చూడు. పిట్ట తోక గాలివైపుంది. ప్రాణమున్న పిట్ట గాలికి ముఖం పెట్టి కూచుంటుంది. వీపు పెడితే ఈకలు లేచిపోవూ? ఇది చచ్చిన పిట్ట."

విజయభాస్కర్ ఉలిక్కిపడ్డాడు. చచ్చిన పిట్ట పొట్టలో ట్రాన్స్‌మిటర్! పక్షుల మీద పుస్తకం రాస్తున్నానని చెప్పుకునే విదేశీ డాక్టర్ క్రెలిన్ డాబా మీద పిట్ట ఉంటే ఎవడికి అనుమానం? కొత్త రాడార్‌తో మన నేవీ షిప్ ఇవాళ పన్నెండింటికి ఆ డాబా ఎదుటి నుంచే పోతుంది. దాన్ని ముంచడానికి అడుగున శత్రువు సబ్‌మెరైన్ సిగ్నల్ కోసం కాచుకొని ఉంటుంది.

టైము పదకొండున్నర.

"నా తమ్ముణ్ణి వెనకనుంచి కాల్చినాడు, పిరికి నాయాలు" అంది చెంచమ్మ చేపల గంప ఎత్తుకుంటూ. "నేనూ వస్తా."

మలేరియా డిపార్ట్‌మెంటు ఖాకీ తొడిగి, డీడీటీ పంపు భుజాన వేసుకొని విజయభాస్కర్ తలుపు తట్టాడు. తీసింది ప్రేమలీల. పట్టుచీర, సెంటు వాసన. క్రెలిన్ సెక్రటరీగా మనవాళ్లు పెట్టిన ఏజెంటు.

"దోమలున్నాయా?" కోడ్ ప్రశ్న.

"గదికి రెండు." కోడ్ జవాబు.

తర్వాత చిన్న పిస్టల్ బయటికి వచ్చింది. "సారీ, మిస్టర్! గంగాధరాన్ని పట్టిచ్చింది కూడా నేనే."

ఆ ముక్క ఆమె అనకుండా ఉండాల్సింది. వెనకే ఉన్న చెంచమ్మ గంపెడు చేపలు నెత్తిన కుమ్మరించేసరికి సెంటు వాసన అక్కడితో సరి. పిస్టల్ లాక్కొని, ప్రేమలీలను గదిలోకి తోసి గొళ్లెం పెట్టి, ఇద్దరూ మెట్లెక్కారు.

డాబా మీద క్రెలిన్ ఒక చేత్తో బైనాక్యులర్స్, ఇంకో చేత్తో గడకున్న స్విచ్ పట్టుకొని ఉన్నాడు. పన్నెండుకు ఇంకా ఐదు సెకన్లు. నాలుగు. డీడీటీ అతని కళ్లలో పడింది. కేక పెట్టి తడుముకుంటూ మళ్లీ స్విచ్ అందుకున్నాడు. రెండు. చెంచమ్మ చేపలు కోసే కత్తి పిట్ట పొట్టలో దిగింది. పేగులకు బదులు వైర్లు బయటపడ్డాయి. షిప్ హాయిగా ఉత్తరానికి సాగిపోయింది.

కత్తి ఈసారి క్రెలిన్ మెడ మీదికి వెళ్లింది.

"వద్దక్కా! కోర్టుంది, ఉరికంబముంది. నేను దగ్గరుండి ఎక్కిస్తా" అన్నాడు విజయభాస్కర్.

చెంచమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. తమ్ముడి వెన్ను గుర్తొచ్చి క్రెలిన్ ముఖాన ఉమ్మింది. చివరికి కత్తి దించింది.

పోలీసు జీపు వచ్చేదాకా క్రెలిన్‌ను ఆ గడకే కట్టాడు విజయభాస్కర్. దక్షిణపు గాలి ఇసక తెచ్చి వాడి వీపున కొడుతోంది.

"ఇటు తిప్పి కట్టన్నా, ముఖం గాలికి" అంది చెంచమ్మ. "వీడింకా బతికే ఉండాడు కదా. ఉరి తీసినాక ఎటు తిరిగినా నేనేమీ అనను."