సరిపోలని హాష్

ఇంజనీర్ ఐలేశం శవం కృష్ణలో తేలిన మర్నాడు, 1996 వానాకాలంలో, ఏజెంట్ లియాఖత్ అలీ నందికొండలో దిగాడు. డ్యామ్ గేట్లు నడిపే కంప్యూటర్లో ఎవరో వేలు పెట్టారని హెడ్డాఫీసుకు ఫోన్ చేసింది ఐలేశమే.

బయల్దేరే ముందు చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. "విదేశీ ముఠా పని. వరద రాగానే గేట్లన్నీ ఒక్కసారే తెరుచుకునేలా ఫైలు మార్చి ఉంటారు. కింద ఊళ్లున్నాయి. నీతో మంజులత వస్తోంది."

ఆ పేరు వినగానే అలీ గుండె కుదుటపడింది. మక్తల్ ఆపరేషన్‌లో తూటా దెబ్బతిన్న అతణ్ని జీపులో వేసుకుని దవాఖానకు చేర్చింది ఆమే.

టూరిస్టు జంట వేషంలో వెళ్లారు. గార్డులకు చాటుగా కార్డులు చూపి కంట్రోల్ రూమ్‌లోకి వెళ్లాక, నల్లకళ్లద్దాలు తీసి, మంజులత తన ఫ్లాపీ పెట్టింది. అందులో కంపెనీ ఇచ్చిన అసలు ఫైళ్ల హాష్‌లున్నాయి. హాష్ అంటే ఫైలు వేలిముద్ర. లోపల ఒక్క అక్షరం మారినా ఆ అంకెలు మారిపోతాయి.

"అన్ని సరిపోయినయ్, అలీ. ఫికర్ చెయ్యకు. చాయ్ తెస్త," అంటూ బయటికెళ్లింది.

రూలు ప్రకారం రెండో మనిషీ చూడాలి. ఆమె పనిని తనిఖీ చేస్తున్నందుకు సిగ్గుపడుతూనే, అలీ హెడ్డాఫీసు సీల్ వేసిచ్చిన ఫ్లాపీ పెట్టాడు.

గేట్ల ఫైలు హాష్ సరిపోలలేదు. సైజు అదే, తేదీ అదే. తనదే పొరపాటనుకుని మళ్లీ చూశాడు. అదే జవాబు.

ఆమె వదిలివెళ్లిన ఫ్లాపీ తెరిచాడు. దొంగ ఫైలు హాష్ అందులో అసలుదిగా నమోదై ఉంది. ఆ ఫ్లాపీ ఆమె చేయి దాటి ఎక్కడికీ పోలేదు.

"జర పక్కకు జరుగు."

గుమ్మంలో మంజులత. చేతిలో పిస్టల్.

"ఐలేశంను నువ్వేనా?"

"ఫోన్ చెయ్యకుంటె బతుకుతుండె."

"మరి మక్తల్ల నన్నెందుకు బతికిచ్చినవ్?"

"నువ్వు నన్ను నమ్మాలె గద."

తూటా కన్నా లోతుగా దిగింది ఆ మాట. అప్పుడే వరద వచ్చిందని సైరన్ మోగింది. గేట్ల మోటార్లు తిరగడం మొదలుపెట్టాయి. అలీ కుర్చీ ఎత్తి ఆమె మీదికి విసిరి, గోడవైపు దూకాడు. పిస్టల్ పేలింది. మానిటర్ పగిలింది. అతని చేయి మెయిన్ స్విచ్‌ను కిందికి లాగేసింది.

గేట్లు జానెడు లేచి ఆగిపోయాయి. పరుగున వచ్చిన గార్డులు మంజులతను పట్టుకున్నారు. ఆమె ఒక్కసారైనా వెనక్కి చూడలేదు. అతను మాత్రం చూస్తూనే ఉండిపోయాడు.

ఫోన్‌లో చీఫ్ అడిగాడు. "గాయాలేమైనా?"

"తూటా కంప్యూటర్‌కు తగిలింది సార్." అలీ ఆమె ఫ్లాపీని కవరులో పెట్టి సీల్ వేశాడు. "మిగతాది రిపోర్టులో రాయడానికి కాలమ్ లేదు."