నాలుగో డెమో

అమ్మడానికి వచ్చినవాడే తన సరుకును తిట్టుకోవడం గద్వాల ఆడిటోరియంలో మూడుసార్లు జరిగింది.

నాటకాలకు లైట్లు నడిపే కొత్త కన్సోల్ ఎంచే పని కమిటీ చాంద్ పాషాకు అప్పగించింది. ముప్పై ఏళ్లు పాత డిమ్మర్ బోర్డు తిప్పిన చెయ్యి ఆయనది. ఇకమీదట ఆ కుర్చీ కూతురు సిద్రాది. నాగర్‌కర్నూలు నుంచి డెమోకు వచ్చిన ఇంతియాజ్‌ను చూసి ఆమె మొదటిరోజే ఓ నవ్వు నవ్వింది. అంతే, అతని వ్యాపారం చెడింది. కన్సోల్ నచ్చి కొనేస్తే మళ్లీ గద్వాలకు ఏ వంకతో రావాలి?

అందుకే మొదటిదాన్ని "దీనికి లైటు పెంచి తగ్గించే ఫేడర్లు తక్కువున్నయి చాచా" అంటూ తనే వెనక్కి మోసుకుపోయాడు. రెండోదాని స్క్రీన్ చిన్నదన్నాడు. మూడోదానికి ఏ వంకా దొరక్క రంగు బాగాలేదన్నాడు.

ఇది నాలుగోది. ఈసారీ అమ్ముడుపోకపోతే గద్వాలకు ఇంకొకరిని పంపుతానని ఇంతియాజ్ పనిచేసే షాపు ఓనర్ తేల్చి చెప్పాడు. అమ్మితే రాకపోకలు బంద్, అమ్మకపోయినా బంద్.

"కరెంటు పోయొస్తే సీను యాదికుంటదా?" అడిగాడు చాంద్ పాషా.

"ఏమో చాచా, చెప్పలేం" అన్నాడు ఇంతియాజ్ ఆశగా.

సిద్రా పోయి మెయిన్ ఆపి, మళ్లీ వేసింది. కన్సోల్ తేరుకుని స్టేజీ మీద అదే నీలం, అదే పసుపు ఉన్నదున్నట్టు తెచ్చిపెట్టింది. ఆమె కుర్చీలో కూర్చుని, ఎవరూ చెప్పకుండానే మూడు సీన్ల లైటింగ్ అందులో సేవ్ చేసి, వరసగా నడిపి చూపింది. ఐదు నిమిషాలు పట్టలేదు.

"గిదే తీసుకుందాం అబ్బా."

ఇంతియాజ్ ముఖం వాడిపోయింది. "జర ఆలోచించుకోండి. ఐదోది తెస్త."

"అమ్మేటోడివి నువ్వేనా, కాదా?" అన్నాడు చాంద్ పాషా.

సిద్రా కొటేషన్ కాగితం తిరగేసింది. "ట్రైనింగ్ ఎన్ని రోజులిస్తరు?"

"రెండ్రోజులండి."

"సాలదు. నాకు జర మెల్లగ ఎక్కుతది."

ఇప్పుడే మూడు సీన్లు నడిపిన పిల్ల ఈ మాటంటే ఇంతియాజ్ తెల్లబోయాడు. "మరి ఎన్ని రోజులు గావాలె?"

"తెల్వదు. మీరు మూడుసార్లు తిప్పితిరి, నేను తిప్పొద్దా?" ఆమె గొంతు తగ్గించింది. "రంగు బాగలేదన్ననాడే సమజైంది నాకు. నాలుగు డబ్బాలూ నల్లగనే ఉన్నయి గద."

దొంగ దొరికిపోయాడు. ఇక దాచి లాభం లేదు.

"మీకోసమే తిప్పిన" అన్నాడు.

సిద్రా తల దించుకుని ఒక ఫేడర్ మెల్లగా పైకి జరిపింది. స్టేజీ నిండా పసుపు వెలుగు పరుచుకుంది. ఇంతియాజ్‌కు ప్రాణం లేచొచ్చింది.

వెనక వరసలోంచి చాంద్ పాషా దగ్గాడు. "ట్రైనింగ్ షురువయ్యే రోజు మీ అమ్మీని గూడ తోలుకరా బేటా."

"ఆమెకు గూడ కన్సోల్ నేర్పాల్నా చాచా?"

చాంద్ పాషా కూతురి వంక జాలిగా చూశాడు.

"మెల్లగ ఎక్కేది నీకు గాదు బిడ్డా, ఈనకు."